అది ఆయన రాసింది కాదండీ!

పోయిన కార్తీకంలో మా ఊరి గ్రంథాలయంలో ఒక సాహిత్య సభ పెట్టారు. ముఖ్య వక్తగారు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని ప్రకృతి వర్ణనల మీద గంటా పది నిమిషాలు మాట్లాడారు. శ్రోతలు నలభై మందీ కళ్లు మూసుకుని విన్నారు. వేదిక మీద కూర్చున్నవాళ్లకి ఆ వీలు లేదు కనుక, ఒళ్లో ఉన్న శాలువాల కుచ్చులు లెక్కపెట్టుకుంటున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, మైకు అక్కర్లేని గొంతుతో, "ఇంతకీ అది రాయలు రాసింది కాదు కదండీ!" అన్నారు.

అంతే. హాలంతా లేచి కూర్చుంది. ఫోన్లు జేబుల్లోకి వెళ్లిపోయాయి. ఆస్థానకవి అల్లసాని పెద్దన రాశాడని నలుగురు, రాయలే రాశాడని నలుగురు, ఇద్దరూ కలిసి రాశారని రాజీ మాటలాడే ఒకాయన. టీ చల్లారిపోయింది, మిర్చిబజ్జీలు మెత్తబడిపోయాయి, ఎవరికీ పట్టలేదు. తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ లైట్లు ఆపేస్తే బయట మెట్ల మీద నిలబడి ఇంకో ముప్పావుగంట వాదించుకున్నారు. నేను తర్వాత వాకబు చేశాను. ఆ రాత్రి అక్కడున్నవారిలో ఆముక్తమాల్యదను మొదటి నుంచి చివరిదాకా చదివినవారు ఒకే ఒక్కరు. ఆయన నోరు విప్పలేదు.

అప్పటినుంచీ నేను ఈ శాస్త్రాన్ని దీక్షగా అభ్యసిస్తున్నాను. ఎవరు రాశారు అని అడగడం చిన్నపిల్లల పని. ఎవరు రాయలేదు అని తేల్చడం పెద్దవాళ్ల పని. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే మూలగ్రంథం చదవనక్కర్లేదు. చదివితే అభిమానం పుట్టుకొచ్చి తీర్పు చెడిపోతుంది. అట్ట మీద పేరు చూసి, "ఈయనా? ఇంతా?" అని ఒక్కసారి పెదవి విరిస్తే సగం పరిశోధన అయిపోయినట్టే. శాస్త్రంలో మొదటి సూత్రం ఒకటుంది, దాన్ని ఇప్పుడే చెప్పేస్తాను, చివర్లో నాకే అవసరం పడుతుంది: అనుమానం మంచి పుస్తకాల మీదే వస్తుంది. పనికిమాలిన పుస్తకం విషయంలో కర్త ఎవరన్న గొడవ ప్రపంచంలో ఎక్కడా లేదు.

సరే, రాయలవారి కేసు చూద్దాం. 1509లో గద్దెనెక్కాడు, 1529లో పోయాడు. ఈ ఇరవై ఏళ్లలో ఉదయగిరి, కొండవీడు, కళింగం, రాయచూరు, నడుమ నడుమ తిరుమల యాత్రలు. ఇన్ని పనుల్లో ఆరు ఆశ్వాసాల కావ్యం ఎప్పుడు రాశాడండీ? నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక ఆఫీసులో పనిచేసి సూపరింటెండెంటుగా దిగాను. నా హయాంలో యుద్ధం ఒక్కటి కూడా జరగలేదు. అయినా నా సెలవు చీటీ నేను రాసుకున్న పాపాన పోలేదు. అటెండరు రాసుకొచ్చేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ని. నాకే కుదరంది రాయలకి కుదిరిందంటే నమ్మడం ఎలా?

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. వీరేశలింగం పంతులుగారంతటివారు పెద్దన వైపు వేలు చూపించారు. వేదం వేంకటరాయశాస్త్రిగారు రాయల పక్షాన నడుం కట్టారు. రాయల వంశాన్ని పొగిడే పద్యాలు కొన్ని పెద్దన మనుచరిత్రలోనూ ఆముక్తమాల్యదలోనూ అవే కనిపిస్తాయి. అనుమానపు పక్షానికి ఇంతకంటే ఏం కావాలి? దొంగ చెప్పులు మార్చుకోవడం మరిచిపోయాడన్నమాట. రెండు పెళ్లి శుభలేఖల మీద ఒకే ప్రెస్సువాడు ఒకే వినాయకుణ్ని వేసినట్టు ఉండొచ్చు కదా అని ఆ రాత్రి ఎవరో అంటే, ఆయన్ని మెట్లు దిగేదాకా ఎవరూ పలకరించలేదు.

కానీ ఒక చిక్కుంది. పెద్దన కవిత్వం వెన్నలా జారుతుంది. అల్లసానివారి అల్లిక జిగిబిగి అని ఊరికే అనలేదు. ఆముక్తమాల్యద అలా కాదు, వ్యాఖ్యానం పక్కన లేకపోతే నాలుగు పద్యాలకి పళ్లు కదులుతాయి. ఇద్దరి చెయ్యి ఒకటే అయితే ఇంత తేడా ఏమిటి? దీనికి అనుమానపు పక్షం దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఆకాశరామన్న ఉత్తరం రాసేవాడు ఎడమచేత్తో రాయడూ? పెద్దన కూడా అలాగే రాసి ఉంటాడు. ఒక మహాకావ్యాన్ని ఎడమచేత్తో రాసి అవతల పారేయగల పెద్దనని మనం సరిగా గౌరవించుకోలేదని నాకు అప్పుడప్పుడూ బాధేస్తుంది.

పైగా పెద్దన రేటు కార్డు లోకానికంతా తెలుసు. ఊరికే రాయమంటే కుదురుతుందా, అలజడి లేని చోటు కావాలి, ఇష్టమైన దూతిక తెచ్చిచ్చే కప్పురపు విడెం కావాలి, మనసుకు నచ్చిన భోజనం, ఊగే మంచం, తప్పొప్పులు పట్టగల రసికులు, ఊహ తెలిసిన లేఖకులు, పాఠకులు ఉండాలి, అప్పుడు చూద్దాం అన్నాడని ఒక చాటువు, అంటే నోటినోటా తిరిగే విడిపద్యం. సొంత పుస్తకానికే ఇన్ని అడిగినవాడు, ఇంకొకడి పేరు మీద రాయడానికి ఏం అడిగి ఉండాలి? రాజ్యం సగం రాయించుకుని ఉండాలి. కోకటగ్రామం మొదలైన అగ్రహారాలతో సరిపెట్టుకున్నాడంటే బేరం చేతకానివాడనుకోవాలి. (ఆ చాటువు పెద్దనదేనా అని మాత్రం అడక్కండి. రోజుకి ఒక కేసు చాలు.)

నన్ను అసలు ఆపేసింది బాతుల పద్యం. శ్రీవిల్లిపుత్తూరులో కాలువ గట్టున బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని ముడుచుకు పడుకున్నాయి. తలారులు చూశారు. తెల్లవారుజామున స్నానానికొచ్చిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన బట్టల ఉండలేమో, వాళ్లవి వాళ్లకి ఇచ్చేద్దామని కాలువలోకి దిగారు. బాతులు బెదిరి లేచి పరుగు. చేను కావలి కాస్తున్న ఆడపిల్లలు అది చూసి నవ్వారు. ఇంతే పద్యం. ఏనుగు మీద పోయేవాడికి ఇది ఎలా కనిపిస్తుంది చెప్పండి? రాజు వస్తున్నాడంటే ముందు గంట నుంచీ దారంతా ఖాళీ చేయించి ఉంటారు, బాతులతో సహా. పోనీ పెద్దన చూశాడా అంటే ఆయన పల్లకీ మనిషి. ఆ పల్లకీని రాయలే స్వయంగా చేత్తో పట్టి ఎత్తాడని పద్యం కూడా ఉంది. మోసేవాడూ చూడలేదు, ఎక్కినవాడూ చూడలేదు. కాబట్టి నా సొంత సిద్ధాంతం ఇది: ఆముక్తమాల్యదను తలారి రాశాడు. అలా కాదంటే నవ్విన ఆడపిల్లల్లో ఒకతె రాసింది. త్వరలో వ్యాసం వేస్తాను.

రాయల తరఫు సాక్షి మాత్రం గట్టివాడు. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్నప్పుడు ఆంధ్రమహావిష్ణువే కలలో కనిపించి, నువ్వు మదాలస చరిత్ర రాశావు, సత్యావధూ ప్రీణనం రాశావు, రసమంజరి రాశావు అని సంస్కృతంలో రాసినవన్నీ వరసగా చదివి, ఇప్పుడు మాకు తెలుగులో ఒకటి కావాలి అన్నాడు. ఇంటర్వ్యూ బోర్డు ఛైర్మనే అభ్యర్థి బయోడేటా కంఠతా చెప్పిన సందర్భం సాహిత్య చరిత్రలో ఇంకోటి లేదు. అయితే ఈ సాక్ష్యం ఉన్నది ఎక్కడ? ఆముక్తమాల్యదలోనే. ముద్దాయి తెచ్చిన కాగితం.

ఇంగ్లండులో ఈ వ్యాపారం మనకంటే పెద్ద ఎత్తున నడిచింది. కాకపోతే తిరగేసి. చేతితొడుగులు కుట్టేవాడి కొడుకు, కాలేజీ గడప తొక్కనివాడు, రాజుల గురించి అన్ని నాటకాలు ఎలా రాస్తాడు, షేక్‌స్పియర్ పేరు పెట్టుకుని ఎవరో దొరే రాసి ఉంటాడని వాళ్ల గోల. లూనీ అనే బడిపంతులు 1920లో పుస్తకం రాసి, అవన్నీ ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్‌వి అని తేల్చాడు. ఆ ప్రభువు 1604లోనే పోయాడు, ఆ తర్వాత కూడా ఏడెనిమిదేళ్లపాటు కొత్త నాటకాలు వస్తూనే ఉన్నాయి. అయితేనేం, ముందే రాసి భోషాణంలో పెట్టిపోయాడట. ఇంకొక పక్షంవారు మార్లో అనే నాటకకర్త అన్నారు. అతను 1593లో పొడుపు తిని చచ్చిపోయాడు కదా అంటే, చావలేదు, దాక్కుని రాశాడన్నారు. ఆ రాతప్రతుల కోసం 1956లో మార్లోని పోషించిన వాల్సింగ్‌హామ్ అనే ఆసామి సమాధి తవ్వించారు కూడా. ఇసుక దొరికింది. పలుగూ పారా పట్టుకుని తవ్వేంత శ్రద్ధ మనవాళ్లకి లేదు. మనం మెట్ల మీదే తేల్చేస్తాం. అయితే తేడా గమనించారా? అక్కడ మామూలువాడికి రాయడం రాదు, ప్రభువుకే వస్తుంది. ఇక్కడ ప్రభువుకి తప్ప అందరికీ వస్తుంది.

ఇక పోతన. ఈయన కేసు విచిత్రం. ముద్దాయే ముందుకొచ్చి, నేను రాయలేదు మొర్రో అంటున్నాడు. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" అని వాంగ్మూలం. పైకి చూస్తే తిరుగులేని ఒప్పుకోలు. మా బంధువు ఒకాయన ప్లీడరు, ఆయనకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, "ఇది చెల్లదోయ్. భాగవతమట, రామభద్రుండట, నేను పలికితే భవహరమవుతుందట. అన్నీ ‘అట’లే. విన్నమాట సాక్ష్యం కిందికి రాదు" అని పద్యం కొట్టేశాడు.

కానీ ప్రత్యక్ష సాక్షి ఉంది. గజేంద్రమోక్షంలో "అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల" అన్నదాకా రాసి పోతన ఆగిపోయాడట. ముందుకి సాగక బయటికి వెళ్లాడట. తిరిగొచ్చి చూస్తే పద్యం పూర్తయి ఉంది. "ఇందాక నువ్వే వచ్చి రాసి వెళ్లావు కదా నాన్నా" అంది కూతురు. పోతన వేషంలో దేవుడొచ్చి రాశాడని కథ. నేను దీన్ని పూర్తిగా నమ్ముతాను, ఎందుకంటే పద్యంలోనే ఆధారముంది. ఊరు, కోట, ఆ మూలనున్న మేడ, ఎడమపక్క. ఇవి ఎవరైనా చెప్పగల గుర్తులు, గేటు దాకా దారి. ఆ తర్వాత వచ్చేది చూడండి: మందారవనం, దాని లోపల అమృతపు కొలను, కొలను పక్కన చంద్రకాంతపు అరుగు, దాని మీద కలువల పాన్పు, పాన్పు మీద లక్ష్మీదేవితో ఎవరున్నారో, ఏం చేస్తున్నారో. పడగ్గది వివరాలండీ! ఇంటాయన తప్ప ఇంకెవరు చెప్పగలరు?

అది అలా ఉంచండి. భాగవతంలో అయిదో స్కంధం బొప్పరాజు గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. ముగ్గురూ నిజాయితీగా తమ పేర్లు చెప్పుకున్నారు. దొంగచాటు లేదు, వేషం లేదు. ఫలితం? వీధిలో పదిమందిని నిలబెట్టి గంగన ఎవరు అని అడిగి చూడండి. అదే దేవుడు రాసిపోయిన పద్యమైతే పసిపిల్లలకి కూడా వచ్చు. పోతన ఎవరన్న గొడవ ఇలా ఉండగానే ఎక్కడివాడన్న గొడవ ఇంకొకటి. ఏకశిలానగరం అంటే ఓరుగల్లని, బమ్మెర అక్కడే ఉందని ఒకరు. కాదు, ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉన్నారు, ఏకశిల అంటే అదేనని ఇంకొకరు. రెండు రాష్ట్రాలయ్యాక ఈ వాదానికి సరిహద్దు కూడా దొరికింది. ఆయన అడగకుండా ఆధార్ కార్డు ఇప్పించాలని ఇంతమంది పోటీ పడటం మంచిదే.

ఎర్రన ధోరణి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, నాకు ఆయన మీద కొంచెం కోపం కూడా. నన్నయ పదకొండో శతాబ్దంలో మహాభారతం తెలుగు చేస్తూ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోయాడు. తిక్కన మిగతాదంతా రాశాడు గానీ ఆ ముక్క జోలికి పోలేదు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించి, నన్నయే రాసినట్టుగా, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి పక్కకి తప్పుకున్నాడు. కష్టపడి రాసి, మూడు వందల ఏళ్ల కిందటి సీనియర్ ఖాతాలో వేయడమా! ఇలాంటివాళ్ల వల్లే మా శాస్త్రానికి తిండి దొరకడం లేదు. ఆఫీసులో ఎవడైనా ఇలా చేసి ఉంటే మర్నాడే మెమో ఇచ్చేవాణ్ని.

గోన బుద్ధారెడ్డి ఇంకో అడుగు వేశాడు. రామాయణం తను రాసి తండ్రి విఠలుడి పేరు మీద పెట్టానన్నాడు. లోకం ఏం చేసిందంటే కొడుకునీ కాదని, తండ్రినీ కాదని దాన్ని రంగనాథ రామాయణం అంది. ఈ రంగనాథుడు ఎవరయ్యా అని అడిగితే ఆరుగురు పండితులు ఏడు రకాలుగా చెబుతారు. భాస్కర రామాయణంలో అయితే నలుగురి చేతులున్నాయి: భాస్కరుడు, ఆయన కొడుకు మల్లికార్జునభట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు. పేరు మాత్రం ఒక్కరిదే. ఇప్పటి సినిమా కథాచర్చల్లో ఘోస్టులుగా పనిచేసే కుర్రాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కేసు ఆంధ్రశబ్దచింతామణి. ఇది నన్నయ రాసిన వ్యాకరణమని ప్రతీతి. మరి ఆరువందల ఏళ్లపాటు ఎవరికీ ఎందుకు కనిపించలేదు? ఆ సంగతి పల్నాటి ఛందోగ్రంథకర్త అప్పకవి 1656లో విడమరిచి చెప్పాడు. సాక్ష్యం చేతులు మారిన తీరు శ్రద్ధగా వినండి. నన్నయ వ్యాకరణం రాశాడు. తన రాఘవపాండవీయాన్ని నన్నయ అణగదొక్కాడన్న కోపంతో వేములవాడ భీమకవి ఆ వ్యాకరణాన్ని గోదావరిలో కలిపేశాడు. కలిపేముందు రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు చిన్నతనంలోనే దాన్ని వల్లెవేసి ఉన్నాడు. తర్వాత సవతితల్లి చిత్రాంగి మోపిన నిందవల్ల పాపం అతని కాళ్లూ చేతులూ నరికించారు. అయినా కంఠం మిగిలింది కనుక కంఠస్థం మిగిలింది. సిద్ధుడైపోయి వందల ఏళ్లు బతికి, మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతి అనే పండితుడికి అప్పజెప్పాడు. ఆ తర్వాత అప్పకవికి కలలో విష్ణుమూర్తి కనిపించి, మతంగగిరి నుంచి ఒక బ్రాహ్మణుడు ఆ పుస్తకం పట్టుకొస్తున్నాడు, తీసుకో అన్నాడు. వచ్చాడు, తీసుకున్నాడు.

మా ఆఫీసులో ఒక ఫైలు మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి దిగేలోపు రెండుసార్లు మాయమయ్యేది. అలాంటిది ఒక పుస్తకం నదిలో పడి, పసివాడి గొంతులో దూరి, శిక్ష తప్పించుకుని, కొండెక్కి, ఆరువందల ఏళ్ల తర్వాత ఒక్క సూత్రం కూడా తడవకుండా పల్నాటికి చేరింది! పండితులు చాలామంది దీన్ని నమ్మరు, ఎవరో వెనకటి తరాలవాళ్లే రాసి నన్నయ పేరు పెట్టారంటారు. అదే నిజమైతే ఆ రాసినవాణ్ని తలుచుకుంటే జాలేస్తుంది. అంత వ్యాకరణం సొంతంగా కట్టగలిగినవాడు, నా పేరు పెడితే ఎవడు చదువుతాడులే అనుకుని, నన్నయకి దానం చేసేశాడు. దొంగతనం విన్నాం. ఇది దొంగదానం.

ఊరూపేరూ లేని పద్యాల పంపకంలో మన పెద్దలు పాటించిన పద్ధతి మాత్రం రేషన్ షాపుకంటే పకడ్బందీ. పద్యం సరసంగా ఉంటే శ్రీనాథుడు. నవ్వొస్తే తెనాలి రామకృష్ణుడు. ఎవణ్నైనా శపిస్తే వేములవాడ భీమకవి. ఏదీ కాకపోతే ఎవరో ఒక చాటుకవి. ఈ లెక్కన శ్రీనాథుడు తాగని నీళ్ల మీద, తినని జొన్నకూటి మీద, చూడని ఊళ్ల మీద కూడా పద్యాలు చెప్పి ఉంటాడు. కాశీఖండంలో ఆయన చిన్నప్పుడు ఇది రాశాను, నూనూగు మీసాలప్పుడు అది రాశాను అని తన జాబితా తనే ఇచ్చాడు. అందులో క్రీడాభిరామం లేదు. పుస్తకంలో వినుకొండ వల్లభరాయుడి పేరే ఉంది. అయినా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అది శ్రీనాథుడిదే అన్నారు. ఓరుగల్లు వీధుల్ని, పూటకూళ్లింటిని, కోడిపందేలని అంత కమ్మగా రాసినవాడు ఇంకొకడు ఎలా ఉంటాడు? వల్లభరాయుడు చేసిన నేరం ఒకటే, శ్రీనాథుడి కాలంలో శ్రీనాథుడంత బాగా రాయడం.

వేమన దగ్గరికొస్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మూడు పాదాలు ఏవైనా రాయండి, నాలుగోది "విశ్వదాభిరామ వినురవేమ". అయిపోయింది, మీరూ వేమనే. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసినప్పుడు 693 పద్యాలు. 1839లో మళ్లీ వేసేసరికి 1164. పదేళ్లలో 471 పద్యాలు పెరిగాయి, అదీ కవి పోయిన ఎన్నో ఏళ్లకి. ఇంత ఉత్పత్తి బతికున్న కవుల్లో కూడా ఎవరికీ లేదు. ఈ సంప్రదాయాన్ని ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిలబెడుతోంది. ఉదయం ఆరింటికి వచ్చే సూక్తి కింద బుద్ధుడి పేరుంటుంది. పదింటికి అదే సూక్తి కలాంగారి ఫొటోతో వస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు చాణక్యుడు చెప్పినట్టుగా మూడోసారి. ముగ్గురికీ ఒకే రోజు ఒకే ఆలోచన రావడం మన దేశ సమైక్యతకి నిదర్శనమని నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతాను.

కన్యాశుల్కం సంగతి ఎత్తకపోతే విజయనగరంవాళ్లు ఊరుకోరు. ఎత్తితే అసలే ఊరుకోరు. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి. మొదటిది మరుగున పడిపోతే పరిశోధకుడు బంగోరె వెతికి పట్టుకుని 1969లో మళ్లీ అచ్చు వేయించారు. ఇంత కాగితం కళ్లెదుట ఉన్నా, అది గురజాడది కాదు, గోమఠం శ్రీనివాసాచార్యులదని ఒక వాదం బయల్దేరింది. మా శాస్త్రప్రకారం దీనికి పరిష్కారం సులువు. 1897 నాటిది అంత గొప్పగా లేదు కాబట్టి నిస్సందేహంగా గురజాడదే. 1909 నాటిది మహాద్భుతం కాబట్టి ఇంకెవరిదో. ఆ ఇంకెవరో కూడా గురజాడే అంటే వినడానికి ఎవరికీ ఓపిక లేదు.

తిరుపతి వేంకట కవులు మాత్రం మా నోళ్లు కట్టేశారు. ఏ పద్యం ఎవరిదో తేల్చకుండా ఇద్దరి పేర్లూ కలిపే రాశారు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయాక కూడా జంటలో మిగిలిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆ జంటపేరుతోనే పుస్తకాలు వేశారు. బ్యాంకులో ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతా అంటారే, అచ్చం అది. ఇలాంటి ఖాతా మీద ఏ పరిశోధకుడూ చెయ్యి వేయలేడు.

ఇక నా సొంత గోడు. రిటైరయ్యాక నేనూ ఒక శతకం రాశాను, మా వీధి చివర ఆంజనేయస్వామి మీద. నూట ఎనిమిది పద్యాలు. అయిదువందల ప్రతులు వేయిస్తే నలభై పంచాను, తక్కినవి అటక మీద ఉన్నాయి. పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, "ఇది ఈయన రాసింది కాదండీ" అనలేదు. మొదటి సూత్రం గుర్తుంది కదా? నిద్రపట్టేది కాదు. ఒకరోజు నేనే బయటపడి మా కొలీగ్‌తో, "ఈ పద్యాలు నేను రాయలేదని బయట అనుకుంటున్నారటోయ్" అన్నాను. వాడు పుస్తకం ఒక పేజీ తిప్పి చూసి, "ఛ, ఊరుకోండి సార్, ఇలా ఇంకెవరు రాస్తారు?" అన్నాడు.

దాంతో తెగించాను. ఎడమచేత్తో ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసి మా జిల్లా వారపత్రికకి పోస్టు చేశాను. ఫలానా శతకం నిజానికి పక్కింటి రిటైర్డు తెలుగు మాస్టారు రాసిందని, సూపరింటెండెంటుగారు దాన్ని కాజేశారని, శైలీ పరిశీలనలో ఇది తేలిందని. ఆ ఎడిటరు బుద్ధిమంతుడు. ఉత్తరం అచ్చువేయకుండా, మీ వివరణ ఏమిటని మాస్టారికే పంపించాడు.

మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్టు కోసం తలుపు తీస్తే మాస్టారు గుమ్మంలో ఉన్నారు. ఎనభై రెండేళ్ల మనిషి, ఎన్నడూ గొంతు పెంచి ఎరగరు. చేతిలో నా శతకం.

"ఏమండీ, ఎవడో వెధవ ఇది నా నెత్తిన వేస్తున్నాడు, చూశారా? నలభై ఏళ్లు పిల్లలకి ఛందస్సు చెప్పినవాణ్ని. ముప్పై ఏడో పద్యం మూడో పాదంలో యతి ఎక్కడుందో మీరే చూపించండి. డెబ్భై నాలుగులో ప్రాస సంగతి సరేసరి. నాకు మనవలున్నారండీ, వాళ్లకి పెళ్లిళ్లు కావాలి!"

"మాస్టారూ, మీరు డెబ్భై నాలుగు దాకా చదివారా?" అన్నాను.

"నూట ఎనిమిదీ చదివాను. నా పేరు బయటికొస్తుంటే చదవనా?" అని పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ప్రతి పేజీ అంచునా ఎర్ర సిరా.

ఆ వారం పత్రికలో నా ఉత్తరం రాలేదు. పదకొండేళ్ల కిందట నేను సమీక్ష కోసం పంపిన రెండు ప్రతుల మాటా రాలేదు. మాస్టారి ఖండన మాత్రం నాలుగో పేజీలో బాక్సు కట్టి వేశారు: సదరు శతకంతో తనకు ఎటువంటి సంబంధమూ లేదని, అందులోని నూట ఎనిమిది పద్యాలూ ఆసాంతం సూపరింటెండెంటుగారి స్వంతమేనని. దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. శతకం పేరు అచ్చుతప్పు లేకుండా పడింది.